దొడ్డిదారి

మన పల్లెలలోని పాత ఇండ్లకు రెండు వాకిండ్లుండును. వీధివైపున నున్నది సింహద్వారము. దానికి బరువైన తలుపులు, లోపల అడ్డగడియ. ఇంటి యజమానుడు రాత్రి పరుండబోవునపుడు ఆ గడియను ఒకటికి రెండుమారులు తాకి చూచుకొనును. ఇంటి వెనుక పెరటిలోనికి మరియొక చిన్న తలుపు కలదు. పశువులకు మేత వేయుటకును, నూతినుండి నీరు తెచ్చుకొనుటకును అది దారి. దానినే దొడ్డిగుమ్మమందురు. దాని గడియ పడినదో లేదో ఒక్కొక్కనాడు ఇంటిలో ఎవరికిని జ్ఞాపకముండదు. తెలివిగల దొంగ సింహద్వారమును తట్టడు; పెరటివైపునకు పోయి చూచును.

ఋజుమార్గమును విడిచి చాటుగా పని నెరవేర్చుకొనుటకు మన భాషలో 'దొడ్డిదారి' యను మాట ఇట్లే ఏర్పడినది. నేడు ఈ మాట ఇండ్లకే కాక కంప్యూటరులకును సరిపోవుచున్నది. కంప్యూటరునకు పాస్‌వర్డు సింహద్వారమువంటిది. అది తెలిసినవాడే లోనికి పోవలెను. కాని ఆ పాస్‌వర్డుతో పనిలేకుండ, యజమానునకు తెలియకుండ వచ్చి పోవుటకు రహస్యముగా ఏర్పరచిన మార్గము మరియొకటి యుండవచ్చును. దానిని ఆంగ్లమున బ్యాక్‌డోర్ అందురు. మనము దొడ్డిదారి యనియే పిలుచుకొందము. ఆ దారి ఎట్లేర్పడును? దానిగుండ వచ్చినవాడేమి చేయును? వానిని వెడలగొట్టి తలుపు మూయుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము తెలిసికొందము.

కంప్యూటరునకు హాని చేయు ప్రోగ్రాములన్నిటికిని కలిపి మాల్వేర్ అని పేరు. వానిలో పలు జాతులు కలవు. వైరస్ అంటుజాడ్యమువలె ఒక ఫైలునుండి మరియొక ఫైలునకు ప్రాకును. రాన్సమ్‌వేర్ మన ఫైలులనన్నిటిని బంధించి, ధనమిచ్చిననే విడిచెదనని బెదిరించును. అది డప్పు కొట్టించుకొని వచ్చు బందిపోటువంటిది. దొడ్డిదారి తెరచు మాల్వేర్ అట్టిది కాదు. అది చాపక్రింది నీరు. తాను వచ్చినట్లు ఎవరికిని చెప్పదు. ఎంత కాలము కనబడకుండ నుండిన అంత లాభము దానిని పంపినవానికి.

ఒక చిన్న పట్టణమును ఊహింతము. అచ్చట ఎరువుల దుకాణము నడుపు గృహస్థు డొకడు కలడు. ఇంటిలో నున్నది ఒక్కటే కంప్యూటరు. పగలు తండ్రి దానిలో దుకాణపు లెక్కలు వ్రాసికొనును. బ్యాంకు వ్యవహారములు చూచుకొనును. సాయంకాలము కుమార్తె తన కళాశాల పాఠములు చదువుకొనును. ఆమె సర్టిఫికెట్ల ప్రతులన్నియు దానిలోనే యున్నవి. ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారునకు రాత్రి ఒక గంట అనుమతి. వానికొక ఆటపై మనసు పోయెను. అది వెల యిచ్చి కొనవలసిన ఆట. వాడు ఇంటర్నెట్టులో వెదకగా ఒకచోట అది ఉచితమని కనబడెను. దింపుకొనబోగా కంప్యూటరులోని యాంటీవైరస్ అడ్డుచెప్పెను. "ఆట నడువవలెనన్నచో యాంటీవైరస్‌ను కొంతసేపు ఆపివేయుడు" అని ఆ పుటలోనే వ్రాసియుండెను. బాలుడు అట్లే చేసెను. ఆట చక్కగా నడిచెను. వాడు మురిసిపోయెను.

ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆట నిజమైనదే. అది నడువకపోయినచో బాలునికి అనుమానము పుట్టెడిది. అది నడుచుటచేతనే అనుమానము పుట్టలేదు. ఆటతోపాటు మరియొక ప్రోగ్రాము ఆ నిమిషముననే కంప్యూటరులో దిగి ఒక మూల కూర్చుండెను. ఇట్టి మేకవన్నె పులికి ట్రోజన్ అని పేరు. గ్రీకువీరులు పెద్ద కొయ్యగుఱ్ఱపు కడుపులో దాగియుండగా, ట్రాయి నగరవాసులు దానిని కానుక యని నమ్మి తామే కోటలోనికి లాగికొనిపోయిరని ప్రాచీన గ్రీకుకథ. ఆ కథనుండియే ఈ పేరు వచ్చినది. శత్రువు గోడ పగులగొట్టలేదు. నగరవాసుల చేతులే ద్వారము తెరచినవి.

లోపల కూర్చున్న ఆ ప్రోగ్రాము చేయు మొదటి పని తన స్థానమును పదిలపరచుకొనుట. కంప్యూటరు వెలిగినప్పుడెల్ల వానంతట అవి మేల్కొను ప్రోగ్రాముల పట్టిక ఒకటి యుండును. ఆ పట్టికలో తన పేరును వ్రాసికొనును. ఆ పేరు గూడ కంప్యూటరునకు చెందిన ఏ సాధారణ భాగమో యని భ్రమపడునట్లుండును. రెండవ పని తన యజమానునకు కబురంపుట. బయటినుండి లోనికి వచ్చువారిని అడ్డగించుటకు ఫైర్‌వాల్ అను కావలి యుండును. కాని లోనినుండి బయటికి పోవువారిని అది సాధారణముగా అడుగదు. మాల్వేర్‌కు ఈ సంగతి తెలియును. కావున అదియే లోపలినుండి బయలుదేరి, దూరదేశముననున్న యొక సర్వరును పలుకరించి, "నేను సిద్ధముగా నున్నాను, ఏమి సెలవు?" అని అడుగుచుండును. ఈ పలుకరింపు కొన్ని నిమిషముల కొకసారి కావచ్చును, దినమున కొకసారి కావచ్చును.

మూడవ పని ఆజ్ఞలను నెరవేర్చుట. ఫైలులను ప్రతి తీసి పంపుమన్న పంపును. మీటలపై వ్రేళ్లు నొక్కిన అక్షరములను వరుసగా వ్రాసిపెట్టుమన్న వ్రాసిపెట్టును. అనగా తండ్రి బ్యాంకు పాస్‌వర్డు కొట్టిన క్షణముననే అది పరుల చేతిలో పడును. కెమెరాను తెరచి ఇంటిలోని వారిని చూపగలదు. మరికొన్ని మాల్వేర్‌లను దింపి కూర్చుండబెట్టగలదు. ఈ కంప్యూటరునే ముసుగుగా ధరించి ఇతరులపై దాడి చేయనుగలదు. అప్పుడు దోషము చేసినవాడు తెరచాటుననుండును. జాడ తీసినవారికి ఎరువుల దుకాణదారుని ఇల్లు కనబడును.

ఇది క్రొత్తగా పుట్టిన విద్య కాదు. 1998 ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున జరిగిన డెఫ్‌కాన్ అను సమావేశమున 'బ్యాక్ ఆరిఫిస్' అను ప్రోగ్రామును కొందరు హ్యాకర్లు ప్రదర్శించిరి. విండోస్ 95, విండోస్ 98 ఎంత అరక్షితములో చూపుటయే తమ ఉద్దేశమని వారు చెప్పిరి. దానిలో రెండు భాగములుండెను. ఒకటి పరుల కంప్యూటరులో దాగియుండి ఆజ్ఞ పాలించునది. రెండవది దూరముననుండి ఆజ్ఞ యిచ్చునది. దొడ్డిదారి మాల్వేర్‌కు నేటికిని ఈ రెండు భాగములే మూలస్వరూపము.

ఆట యొక్కటియే దారి కాదు. ఈమెయిలుతో వచ్చిన బిల్లుపత్రమువలె కనబడు ఫైలు దారి కావచ్చును. పెండ్లి శుభలేఖ యను పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలులు వచ్చుచున్నవని 2024లో మన దేశమున పోలీసులు ప్రజలను హెచ్చరించిరి. దానిని తెరచినవారి ఫోనులోనికి పెండ్లివారు రారు, దొంగలు వత్తురు. పాత ప్రోగ్రాములలో మిగిలిపోయిన లోపములును దారులే. కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డును మార్చకుండ వాడుచున్న కెమెరాలు, రౌటరులు తలుపు తీసిన ఇండ్లవంటివి. 2016లో వ్యాపించిన మిరాయి యను మాల్వేర్ అట్టి పాస్‌వర్డులనే వరుసగా ప్రయత్నించి లక్షలకొలది పరికరములను వశపరచుకొనెను. ఒక్కొక్కప్పుడు ప్రోగ్రాము వ్రాసినవాడే మరమ్మతుల సౌకర్యమునకై రహస్యమార్గ మొకటి యుంచి, పని ముగిసినపిమ్మట మూయుట మరచును. మంచివాడు మరచిన తలుపును చెడ్డవాడు కనిపెట్టును.

వీనియన్నిటిలో భయంకరమైనది మరియొకటి. అది నమ్మకమునే దారిగా చేసికొని వచ్చునది.

భారతమున లక్కయింటి కథ మీరెరుగుదురు. వారణావతమున పాండవులకొరకు పురోచనుడు సుందరమైన భవనము కట్టించెను. దానికి తాళములన్నియు సరిగానే యుండెను. కాని ఆపద తలుపులలో లేదు, గోడలలోనే కలదు. లక్క, నేయి మొదలగు మండు వస్తువులతో ఆ ఇంటిని నిర్మించిరి. విదురుడు ముందే గూఢముగా హెచ్చరించియుండుటచే, ధర్మరాజు లోన అడుగిడగానే ఆ వాసనను పసిగట్టెను. రంగులకు, చెక్కడములకు మురిసినవాడైనచో ఆ చిన్న వాసనను లక్ష్యపెట్టకుండెడివాడు. పాండవుల ప్రాణములు దక్కుటకు మొదటి కారణము విదురుని మాట. రెండవ కారణము ఆ వాసనను తేలికగా కొట్టివేయకుండుట.

కంప్యూటరు లోకమున నిట్టి లక్కయింటి కథ 2024లో నిజముగా జరిగినది.

లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టము కలదు. ప్రపంచములోని ఇంటర్నెట్టు సర్వరులలో అధికభాగము దానిపైననే నడుచుచున్నవి. దానిలో పెద్ద ఫైలులను నొక్కి చిన్నవిగా చేయు 'ఎక్స్‌జెడ్ యుటిల్స్' అను సాధనమొకటి యుండును. దానిని ఫిన్లండు దేశీయుడైన లాసె కోలిన్ అనునతడు ఏండ్లతరబడి జీతము లేకుండ, స్వచ్ఛందముగా కాపాడుచుండెను. అతనికి ఆరోగ్యము సరిగా లేక పని నెమ్మదించిన కాలమున, జియా టాన్ అను పేరుతో నొకరు సహాయము చేయ ముందుకు వచ్చిరి. 2021 చివరనుండి చిన్న చిన్న సవరణలు పంపుచు వచ్చిరి. అవన్నియు పనికివచ్చునవియే. 2022లో మరికొన్ని పేర్లతో జాబులు రాసాగెను. పని ఆలస్యమగుచున్నదనియు, క్రొత్తవారికి బాధ్యత అప్పగింపవలెననియు ఆ జాబుల సారాంశము. అలసియున్న కోలిన్ కడకు తాళపుచెవులను ఆ సహాయకుని చేతికిచ్చెను. ఆ సహాయకుని ముఖము నతడు చూచి యెరుగడు. వారి పరిచయమంతయు జాబులతోనే జరిగెను.

2024 ఫిబ్రవరిలో 5.6.0 అను కూర్పు వెలువడెను, మార్చిలో 5.6.1 వచ్చెను. ఆ రెండింటిలోను దొడ్డిదారి యుండెను. దానిని దాచిన తీరు విస్మయకరము. ప్రోగ్రాము సరిగా పనిచేయునదియు లేనిదియు పరీక్షించుటకు కొన్ని మాదిరిఫైలు లుంచుట వాడుక. చెడినట్లుగా కనబడు అట్టి మాదిరిఫైలులలో విషమును దాచిరి. ఆ విషమును వెలికితీసి కలుపు సూచనలో కొంత భాగము, అందరు చదువుటకు బయట పెట్టిన మూలప్రతిలో లేదు. పంచిపెట్టిన మూటలో మాత్రమే కలదు. కావున మూలప్రతిని చదివినవారికి దోషము కనబడదు. దూరముననున్న కంప్యూటరులోనికి భద్రముగా ప్రవేశించుటకు వాడు ఎస్‌ఎస్‌హెచ్ అను ద్వారముకడ ఈ దొడ్డిదారి తెరచుకొనును. ఒక ప్రత్యేకమైన రహస్యపు తాళపుచెవి గలవాడు తప్ప ఇతరులు దానిని వాడలేరు. ఆ కూర్పు లోకమంతట వ్యాపించియుండినచో లెక్కకు మిక్కిలియైన సర్వరులు ఒక్కని గుప్పిటిలో పడియుండెడివి.

దానిని పట్టినది పెద్ద సైన్యము కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు మైక్రోసాఫ్టులో నుద్యోగి. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు నిర్మాణమున పాల్గొనువాడు. అతడు తన కంప్యూటరులో వేగమును కొలుచుచుండగా, ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశమునకు పట్టు కాలము పెరిగినట్లు గమనించెను. పూర్వము సుమారు 0.3 సెకను పట్టెడిది, ఇప్పుడు 0.8 సెకను పట్టుచున్నది. భేదము అర సెకను! రెప్పపాటుకంటె కొంచె మెక్కువ. పదిమందిలో తొమ్మండుగురు దానిని గమనింపరు; గమనించినను, "పోనిమ్ము" అందురు. అతడు పోనీయలేదు. ఏల యిట్లగుచున్నదని తీగ లాగెను, డొంకంతయు కదిలెను. 2024 మార్చి 29న ఆ సంగతిని లోకమునకు వెల్లడించెను. చాలవరకు ప్రయోగదశలోనున్న కొన్ని లినక్స్ కూర్పులలోనికే అది అప్పటికి చేరియుండెను. వెంటనే అందరును పాత కూర్పునకు మరలిరి. రెండేండ్లకు పైగా ఓర్పుతో పన్నిన ఉచ్చు అర సెకను కడ తెగిపోయెను.

యూనిక్స్ నిర్మాతలలో నొకడైన కెన్ థామ్సన్, 1984లో ప్రచురింపబడిన తన ట్యూరింగ్ పురస్కారోపన్యాసమున, ఇట్టి ఆపద రాగలదని ముందే వివరించియుండెను. ప్రోగ్రాములను తయారుచేయు ప్రోగ్రాములోనే దొడ్డిదారి దాచవచ్చుననియు, మూలప్రతిని ఎంత చదివినను దోషము కనబడకపోవచ్చుననియు ఆయన నిరూపించెను. స్వయముగా వ్రాయనిదానిని వాడునప్పుడు, మనము నిజమునకు ప్రోగ్రామును కాదు, దానిని వ్రాసిన మనుష్యులను నమ్ముచున్నామని ఆయన బోధ.

ఇక మన బాలుని ఇంటికి మరలి పోదము. మూడు వారములు గడచెను. కంప్యూటరు అప్పుడప్పుడు మందగించుచుండెను. ఎవరును ఏమియు చేయకున్నను దానిలోని పంకా గట్టిగా తిరుగుచుండెను. బాలుడు ఆపిన యాంటీవైరస్‌ను మరల నడుపబోగా అది నడువలేదు. ఒకనాడు కెమెరా ప్రక్కన చిన్న దీపము వెలిగి ఆరెను. ఒక రాత్రి అక్క ఈమెయిలులోనికి తెలియని ఊరినుండి ఎవరో ప్రవేశించిరని హెచ్చరిక వచ్చెను. ఈ గుర్తులలో ఏ ఒక్కటియు తనంత తాను నిశ్చయమైన సాక్ష్యము కాదు. పాత కంప్యూటరు మందగించుట సహజము. కాని రెండు మూడు కలిసినప్పుడు అది లక్కవాసన. దానిని కొట్టివేయరాదు.

బాలునికి కారణము తోచెను. తోచినకొలది నోరు పెగలదయ్యెను. తండ్రి కోపించునని భయము. ఆట పోవునని దిగులు. నిజమునకు ఇట్టి ఘట్టముననే దొంగకు ఎక్కువ లాభము. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అగుటకు తరచు కారణము అజ్ఞానము కాదు, సిగ్గు. ఆ రాత్రి భోజనమైన పిమ్మట బాలుడు తండ్రికడకు పోయి, "నాన్నా, తలుపు తెరచినది నేనే" అని జరిగినదంతయు చెప్పెను. తండ్రి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "చెప్పితివి, అది మేలు. ముందు ఇల్లు చక్కబెట్టుకొందము" అనెను.

ఇల్లు చక్కబెట్టుటకు ఒక వరుస కలదు. ఆ వరుస తప్పరాదు.

మొదటి పని, కంప్యూటరునకును ఇంటర్నెట్టునకును గల సంబంధమును త్రెంచుట. వైఫై ఆపవలెను, తీగ యున్నచో ఊడదీయవలెను. దీనితో దొంగకును వాని బంటునకును నడుమ మాట తెగును. పెన్‌డ్రైవులను గూడ దానికి తగిలింపరాదు. తగిలించినచో రోగము వానికిని అంటవచ్చును.

రెండవ పని, పాస్‌వర్డులను మార్చుట. దీనిని రోగగ్రస్తమైన కంప్యూటరుపై చేయరాదు. దొంగ చూచుచుండగా క్రొత్త తాళము వేసినట్లగును. నమ్మకమైన వేరొక పరికరముపై చేయవలెను. ముందు ఈమెయిలు, పిమ్మట బ్యాంకు, తరువాత తక్కినవి. ఈమెయిలును ముందు మార్చుటకు కారణము కలదు: తక్కిన పాస్‌వర్డులను మార్చుకొనుటకు పంపు జాబులు దానికే వచ్చును. 'అన్ని పరికరములనుండి నిష్క్రమింపుము' అను ఏర్పాటును నొక్కి, రెండంచెల పరిశీలనను ఏర్పరచుకొనవలెను. బ్యాంకువారికి వెంటనే తెలుపవలెను. ధనము పోయినచో 1930 అను సైబరు నేరముల సహాయసంఖ్యకు ఆలసింపక ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, ధనమును దారిలోనే ఆపుటకు అంత అవకాశము. నేరము జరిగియున్నచో, పోలీసులతో మాటాడకుండ కంప్యూటరును తుడిచివేయరాదు, దానిలోనే సాక్ష్యముండును.

మూడవ పని, వెదకుట. మాల్వేర్ మేలుకొనియున్నప్పుడు తన్ను తాను దాచుకొనగలదు. అందుచే అది మేల్కొనకముందే వెదకుట మంచిది. విండోస్‌లోని డిఫెండరులో 'ఆఫ్‌లైను స్కాను' అను ఏర్పాటు కలదు. అది కంప్యూటరును మరల వెలిగించి, విండోస్ లేవకమునుపే శోధించును. పిమ్మట మూడు పట్టికలను కన్నులార చూడవలెను: వానంతట మేల్కొను ప్రోగ్రాములు, నియమిత కాలమున నడుచు పనులు, బ్రౌజరులో చేర్చిన అదనపు భాగములు. మనమెరుగని వాడుకరి పేరేదైన క్రొత్తగా చేరినదేమో గూడ చూడవలెను. తెలియని పేరు కనబడినంతనే తుడిచివేయక, అదేమో తెలిసినవారిని అడుగవలెను.

నాలుగవ పని, అన్నిటికంటె కష్టమైనదియు, నమ్మదగినదియు: ఇంటిని ఖాళీచేసి మరల కట్టుట. యాంటీవైరస్ ఒక మాల్వేర్‌ను పట్టి తీసివేసినను, ఆ దారిన వచ్చి వేరొకమూల దాగినది మిగిలియుండవచ్చును. దొంగ ఒకసారి లోన తిరిగిన పిమ్మట, వాడెన్ని తాళపుచెవులు చేయించుకొనెనో మనకు తెలియదు. కావున ముఖ్యమైన పత్రములను, చిత్రములను మాత్రము వేరుచేసి, డిస్కును పూర్తిగా తుడిచి, శుభ్రమైన కంప్యూటరుపై తయారుచేసిన అసలైన ప్రతినుండి ఆపరేటింగ్ సిస్టమును మరల స్థాపింపవలెను. పత్రములను శోధించిన పిమ్మటనే లోనికి తీసికొనవలెను. ప్రోగ్రాములను పాతవానినుండి తెచ్చికొనరాదు. క్రొత్తగా అసలు చోటినుండియే పొందవలెను. మిక్కిలి అరుదుగా, తుడిచినను పోనివి గూడ కలవు. 2018లో కనుగొనబడిన లోజాక్స్ అను మాల్వేర్ డిస్కులో గాక, కంప్యూటరును మేల్కొలుపు చిప్పులోనే దాగియుండెను. అట్టిచో నిపుణుల సహాయము తప్పదు.

ఐదవ పని, దొంగ వచ్చిన తలుపును మూయుట. ఆపరేటింగ్ సిస్టమునకు, ప్రోగ్రాములకు వచ్చు అప్‌డేటులను వెంటవెంటనే స్వీకరింపవలెను. రౌటరు పాస్‌వర్డును మార్చవలెను. పిల్లలు వాడుకొనుటకు అధికారములు తక్కువగా నున్న వేరొక పేరును ఏర్పరుపవలెను. అప్పుడు పొరపాటున నేదైన తెరచినను అది ఇల్లంతయు ఆక్రమించుట కష్టమగును. వారమున కొకసారి పత్రములకు వేరుగా ప్రతి తీసి, ఆ డిస్కును కంప్యూటరునుండి విడదీసి పెట్టెలో దాచవలెను. ఈ పనులన్నియు ముందే చేయదగినవి. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన నక్కరలేదు.

ఈ విషయమున మన దేశమున సహాయము చేయు సంస్థలు కలవు. సెర్ట్-ఇన్ అను జాతీయసంస్థ 2004నుండి పనిచేయుచున్నది. దాని ఆధ్వర్యమున 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రము ప్రారంభమైనది. మాల్వేర్‌ను తొలగించు సాధనములను అది ప్రజలకు ఉచితముగా ఇచ్చుచున్నది.

ఇంత చదివిన పిమ్మట ఎవరినీ నమ్మరాదను నిశ్చయము మీకు కలుగవచ్చును. అది సరికాదు. పరస్పర విశ్వాసము లేనిదే కోలిన్ వంటివారు ఏండ్లతరబడి లోకమునకు ఉచితముగా సేవచేయగలిగియుండెడివారు కారు. ఫ్రాయిండ్ తాను కనుగొన్నదానిని తనలో దాచుకొనక లోకమునకు చెప్పెను. అతని మాటను నమ్మియే అందరును తలుపులు మూసికొనిరి. విశ్వాసమువలన వచ్చిన ఆపదను తొలగించినదియు విశ్వాసమే. నమ్ముటలో దోషము లేదు. నమ్మిన పిమ్మట కన్నులు మూసికొనుటలో దోషము కలదు.

మన బాలుని ఇంటిలో కంప్యూటరును చక్కబెట్టుటకు రెండు దినములు పట్టెను. అక్క సర్టిఫికెట్ల ప్రతులు దక్కినవి. బ్యాంకులో ధనము పోలేదు. ఆట మాత్రము పోయెను. రెండవనాటి రాత్రి తండ్రి యథాప్రకారము వీధి తలుపు గడియ తాకి చూచి పరుండబోవుచుండగా, పెరటివైపున చప్పుడు వినబడెను. పోయి చూడగా బాలుడు దొడ్డిగుమ్మపు గడియను బిగించుచుండెను.